బుధవారం మాత్ర

పదిహేడేళ్ళు పొట్లాలు కట్టాను,
వీరవాసరం రైలు గేటు పక్క
ఆరెంపీ రంగప్రసాదు గారి గదిలో.
పాత పేపరు ముక్కలో
ఒక తెల్లది, ఒక పసుపుది, సగానికి విరిచిన చిన్నది.
‘సెట్టు’ అనేవాళ్ళం దాన్ని.
పేర్లు ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.
రోజూ మూడు పూటలా, అన్నం తిన్నాక.
అంతే మా వైద్యం.

లస్కరు ఏసుపాదం భార్య సువార్తమ్మ
రొయ్యల షెడ్డులో పనిచేసేది.
నాలుగింటికి వ్యాను, ఐదింటికి మంచునీళ్ళలో చేతులు.
తల విరిచి, పెంకు ఒలిచి, వీపున నల్లనరం లాగి
కిలోకి ఇంతని కూలి.
ఒక కార్తీకంలో వేళ్ళు మాట వినడం మానేశాయి.
“రాత్రంతా ఎవరో నా కణుపుల్లో
సిమెంటు పోసి పోతున్నారండీ” అంది.
ఎండెక్కితే గానీ
జాకెట్టు హుక్కు దొరికేది కాదు ఆమెకి.

మా సెట్టు వేసుకున్న రోజున
షెడ్డులో అందరికన్నా ముందు ఆమె ట్రే నిండేది.
“మీ హస్తవాసి మంచిదండీ” అని
కవరులో ఒలిచిన రొయ్యలు తెచ్చిచ్చేది.
తిన్నాను. రుచిగానే ఉండేవి.

నొప్పి తగ్గలేదంటే మరో రకం కలిపాం.
అదీ చాలదంటే ఇంకోటి.
అన్నీ ఒకే తల్లి పిల్లలు, చొక్కాలు వేరు.
నాకు తెలుసు.
కొద్దిగా తెలుసు.

మూడ్రోజులుగా తారులా నల్లగా వెళుతోందని
ఆమె ఎవరితో చెప్పుకుంటుంది?
ఐసు పెట్టెల మీద కళ్ళు తిరిగి పడ్డాక
కడుపులో పుండు బయటపడింది.
భీమవరంలో రెండు సీసాల రక్తం ఎక్కించారు.

తేరుకున్నాక, నిడదవోలులో రైలు మారి
రాజమండ్రి కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి నేనే తోడెళ్ళాను.
ఆమె నా పొట్లం విప్పి బల్ల మీద పోసి
పెన్ను మొనతో మాత్రల్ని వేరుచేసింది.
“ఇదీ ఇదీ ఒకటే జాతి. ఇది స్టెరాయిడు.
ఎవరు కట్టారు?”
నేను గోడ మీది వెన్నెముక బొమ్మలో
ఎముకలు లెక్కపెట్టాను.

ఇది అరుగుదల కాదంది.
ఒంటికి కాపలా ఉండాల్సినవే
కీళ్ళ మీద కలబడుతున్నాయంది.
తనూ మూడు రకాలు రాసింది.
“మేమూ మూడే ఇచ్చాం కదండీ” అని నోరు జారాను.

ఆమె నోరు తెరిచేలోగా ఏసుపాదం అందుకున్నాడు:
“ఒకే తూముకి మూడు తలుపులు దించితే
నీరాగదు, గట్టు కోసుకుపోద్ది.
పై లాకు కాడ ఒకటి, బోదె కాడ ఒకటి,
మురుక్కాలవేపు ఒకటి,
ఎక్కడికక్కడ కాస్తంత దించాలండి.
నీరు మాట వినడానికి టయిం పడద్ది మరి.”
డాక్టరమ్మ రాయడం ఆపి అతన్ని చూసింది.
“దాదాపు అంతే” అంది.

మెతోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే.
రోజూ మింగితే ప్రాణానికే ముప్పు.
మర్నాడు ఫోలిక్. నెలనెలా రక్తపరీక్ష.
ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవాలి.
“ఆదివారం ప్రార్థన, శనివారం కూలి డబ్బులు.
బుధవారానికి ఏ పనీ లేదండీ, దానికిచ్చేయండి” అంది సువార్తమ్మ.
చదువు రాదని
కేలెండరులో బుధవారం బుధవారం రొయ్య బొమ్మ గీశాను.
పదిహేడేళ్ళు ‘రోజూ’ అన్న నోటితో
రోజూ కాదు, రోజూ కాదు అని
వీధి చివరిదాకా వెంటబడి చెప్పాను.

నాలుగో వారం, “మీ సెట్టే నయమండీ” అంది.
తల తిప్పుకున్నాను.
పదకొండో వారం హుక్కు దానంతటదే పడిందట,
గుమ్మంలోంచే కేకేసి చెప్పింది.
వంకరపోయిన రెండు వేళ్ళు వంకరే.
మంచునీళ్ళ జోలికి పోదిప్పుడు,
కాటా దగ్గర ట్రేలు లెక్కపెడుతుంది.
రొయ్యలు మాత్రం తేవడం మానేసింది.

నిన్న మత్స్యపురి కుర్రాడొకడు వచ్చాడు,
వాళ్ళమ్మకి కీళ్ళ నొప్పులట.
“అవేనండీ, ఆ రెండూ కలిపి కట్టండి.”
నా చెయ్యి సీసా దాకా వెళ్ళింది,
దానికి దారి తెలుసు.
“దొడ్డికి ఏ రంగులో వెళుతోందిరా మీ అమ్మకి?”
వాడు సిగ్గుపడి గేటు వైపు చూశాడు.
నరసాపురం పాసింజరు పోయేదాకా చూశాడు.
నేను మూత మీద చెయ్యి అలాగే ఉంచి
కూర్చున్నాను.